నెమరు

ఎర్లెండ్ స్వానీ మెదడు
రెండు గాజు పలకల మధ్య, గోరంత,
నా బల్ల మీద.
ఎడిన్‌బరోలో నవంబరు. మూడున్నరకే చీకటి.
పక్క గదిలో ఎవరో టీ కాచుకుంటున్నారు.

నీలం పట్టిందంతా మైలిన్,
నరం పొడుగునా పొర మీద పొరగా చుట్టుకున్న కొవ్వు.
ఒక్క చోట నీలం లేదు.
తడి సుద్దని బొటనవేలితో తుడిచినట్టు.

ఆ తుడుపు అంచునే ఉన్నాయవి,
కడుపులుబ్బి, గుండ్రంగా, నురగ నురగగా.
కొన్నిటి లోపల ఇంకా నీలం తునకలు:
ఈ మధ్యే మింగినవి.
మరో పలక మీద, మరో అద్దకంలో
ఎర్రటి నూనెచుక్కలు:
ఎన్నాళ్ళుగానో నెమరేస్తున్నవి.

ఫైలులో ఆయన భార్య మెర్రన్ ఉత్తరం ఉంది.
నాకు రాసింది కాదు.
‘ఎవరు చూస్తే వారికి’ అని పైన.

‘మా దీవి చుట్టూ రాతి గోడ ఉంది.
గొర్రెల్ని లోపల ఉంచడానికి కాదు, బయట ఉంచడానికి.
అవి ఒడ్డున సముద్రపు నాచు తిని బతుకుతాయి.
ఎర్లెండ్ ఆ గోడ కట్టేవాడు. సున్నం లేదు, మట్టి లేదు,
రాయికి రాయి ఆనుకోవడమే.
ముప్పై నాలుగో ఏట
చేతిలో రాయి ఉందో లేదో
చూసుకుంటేగాని తెలియలేదు.

తుఫానుకి గోడ కూలుతుంది. గొర్రెలు చేలో పడతాయి.
పచ్చగడ్డి వాటికి ఎక్కువ రోజులు పడదు,
గడ్డిలోని రాగి కాలేయంలో పేరుకుంటుంది.
మేత దొరికి చస్తాయి.
మీరు చూసేదాంట్లో ఇలాంటిదేమైనా ఉందా?’

ఉంది, మెర్రన్ గారూ.

ఈ పనిలో చేరిన కొత్తలో
కంచే చేను మేసిందని ఒక్క సామెతతో తేల్చేశాను.
అంత తేలిగ్గా తేలదు.

అవి పిలవని పేరంటానికి రాలేదు.
యాంటీబాడీలు ముందే వచ్చి బొట్టు పెట్టి వెళ్ళాయి,
అతిథికి కాదు,
విస్తట్లోని పదార్థానికి.
ఆ బొట్టు తగిలితే చాలు కణానికి,
ఒళ్ళే చేయవుతుంది, చేయే నోరవుతుంది,
విడివడిన పొరను చుట్టి లోపలికి లాక్కుంటుంది.

తినకపోతే బాగుండునా?
చిరిగిన మైలిన్ అక్కడే పడి ఉంటే
కొత్త పొర అల్లే కణాలు దగ్గరికి రావు.
కూలిన రాళ్ళు ఎత్తిపోయకుండా గోడ లేవదని
మీ ఆయనకి వేరే చెప్పాలా.

చిక్కు తినడంలో లేదు, తిన్న తర్వాత ఉంది.
మిగతా కొవ్వు అరుగుతుంది. కొలెస్ట్రాల్ అరగదు.
దాన్ని మోసుకెళ్ళి ఎవరికైనా అప్పగించాలి.
అప్పగించగలిగిన కణం తేలికపడుతుంది,
కోపం తగ్గుతుంది, బాగుచేసే పనికి కబురు పంపుతుంది.
వయసు మళ్ళిన కణానికి ఆ ఓపిక ఉండదు.
కొలెస్ట్రాల్ లోపలే గడ్డకట్టి
సూదులై, పలుగులై
దాన్నే పొడుస్తుంది.
మేత దొరికి.

టీ చల్లారిందని పిలుస్తున్నారు.
వెళ్ళబోతూ పలకను ఒక వెంట్రుకవాసి జరిపాను.

లేత నీలం.

మొదట అద్దకం సరిగా పట్టలేదనుకున్నాను.
కాదు. పలచని పొరలు, కొత్తవి,
తొలిసారి రాయి పట్టినవాడు కట్టిన గోడలాగా
వంకరగా, నిలబడి.
చుట్టూ నురగకణాలు లేవు. తిని, అరిగించుకుని,
ఎప్పుడో వెళ్ళిపోయాయి.

దాతల కుటుంబాలకి మేం జవాబు రాయకూడదు.
రాస్తే పంపకూడదు.
అయినా రాస్తున్నాను, మెర్రన్ గారూ,
ఒక్కటి అడగాలి:

ఏదో ఒక వేసవిలో, కొన్ని వారాలపాటు,
ఆయన కుడిచేయి కాస్త వెనక్కి వచ్చిందా?
చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడా?
అది ఏ సంవత్సరమో
మీకు గుర్తుందా?